పెద్ద వయసు స్త్రీలకు వ్యాయామ వీడియో గేములు: ఇంటికొకటి కాదు, ఊరికొకటి

గౌరవనీయులైన సంపాదకుడు గారికి,

పిల్లలు ఫోన్లలో గేములకు బానిసలవుతున్నారన్న ఆవేదనతో పత్రికల్లో తరచు వ్యాసాలు వస్తున్నాయి. ఆ ఆవేదన న్యాయమైనదే. అయితే వీడియో గేము అనగానే, ఒకచోట కూలబడి బొటనవేళ్లు మాత్రమే కదిలించే ఆట మనకు గుర్తుకు రావడం వల్ల, ఆడేవారి ఒళ్లు కదిలితే తప్ప తెర మీద ఏదీ కదలని మరో రకం ఆటలు పాతికేళ్లకు పైగా ఉన్నాయన్న సంగతి మరుగున పడిపోయింది. ఈ రెండో రకం ఆటలు 60 దాటిన స్త్రీలకు, ముఖ్యంగా మన గోదావరి డెల్టా ఊళ్లలోని స్త్రీలకు ఎంతవరకు పనికివస్తాయో, ఎక్కడ పనికిరావో, వాటిని ఎక్కడ పెడితే ఉపయోగమో చెప్పడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలల్లో వ్యాయామ ఉపాధ్యాయురాలిగా, అంటే పిల్లల భాషలో డ్రిల్లు టీచరుగా, పనిచేసి పదవీ విరమణ చేసినదాన్ని. ఆ పరికరాలు అమ్మేవారితో నాకు ఏ సంబంధమూ లేదు.

ముందు ఆ ఆటల సంగతి. 1998లో జపాన్‌కు చెందిన కొనామీ సంస్థ తెచ్చిన డాన్స్ డాన్స్ రివల్యూషన్‌లో, తెర మీద బాణం ఏ దిక్కు చూపితే కాలి కింద ఆ దిక్కున ఉన్న గడిని పాట దరువుకు సరిగా తొక్కాలి. తొక్కుడుబిళ్ళ ఆడి పెరిగిన పాదాలకు ఇది మరీ కొత్త విద్యేమీ కాదు. 2006లో నింటెండో సంస్థ తెచ్చిన వీ (Wii) అనే గేము పరికరంలో చేతిలోని రిమోటును ఊపితే తెర మీద బ్యాటు ఊగుతుంది. మరుసటి ఏడాది జపాన్‌లో విడుదలైన వీ ఫిట్ ఆటతో పాటు పీట లాంటి ఒక బోర్డు ఇచ్చారు. దానిలో బరువును పసిగట్టే సెన్సర్లు నాలుగు ఉంటాయి. మనం దాని మీద నిలబడితే, భారం ఎడమ కాలి మీద ఎంత పడుతోంది, మడమల మీద ఎంత పడుతోంది అన్నది అది క్షణక్షణం లెక్కగట్టి తెర మీద ఒక చుక్కగా చూపుతుంది. 2010లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన కినెక్ట్ అనే కెమెరా, ఆడేవారి చేతిలో ఏమీ లేకుండానే వారి కీళ్ల కదలికలను గుర్తుపడుతుంది. 2019లో వచ్చిన రింగ్ ఫిట్ అడ్వెంచర్‌లో చేతులతో నొక్కే వలయం ఒకటి, తొడకు కట్టుకునే పట్టీ ఒకటి ఉంటాయి. వీటిలో వీ తయారీ 2013లోను, కినెక్ట్ తయారీ 2017లోను ఆగిపోయాయి కాబట్టి, ఎవరైనా చవగ్గా పాతవి అమ్ముతామని వస్తే విడిభాగాలు, మరమ్మతు ఎక్కడ దొరుకుతాయో ముందు అడిగి తెలుసుకోవాలి.

ఇక ఆ వయసు స్త్రీలకు వీటితో ఏం పని అన్న ప్రశ్న. ముట్లు ఆగిన తరువాత ఈస్ట్రోజెన్ అనే హార్మోను తగ్గిపోవడంతో స్త్రీలలో ఎముక అరుగుదల వేగం పుంజుకుంటుంది. వయసుతో కండ బలం తగ్గడం దీనికి తోడవుతుంది. అందువల్ల పాతికేళ్ల వయసులో జారిపడితే మోచేయి దోక్కుపోయి ఊరుకునేది, డెబ్భై ఏళ్ల వయసులో తుంటి ఎముక విరగడం దాకా పోతుంది. ఆ తరువాత మంచం, మంచం మీద మరింత కరిగిపోయే కండ, అన్నిటికీ మించి మళ్లీ పడతానేమోనన్న భయంతో నడకే మానేయడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పడిపోవడం వల్ల ఏటా 6,84,000 మంది మరణిస్తున్నారు. అనుకోని గాయాల మరణాలలో రోడ్డు ప్రమాదాల తరువాతి స్థానం దీనిదే. అదే సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలలో, 65 దాటినవారు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమతో పాటు, నిలకడను, కండ బలాన్ని పెంచే వ్యాయామాలను వారంలో కనీసం మూడు రోజులు చేయాలని ఉంది. మన దగ్గర డాక్టర్లు "రోజూ నడవండమ్మా" అని చెప్పి పంపేస్తారు; వారంలో మూడు రోజుల ఈ రెండో భాగాన్ని ఎవరూ చెప్పరు. 2019లో, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ వందకు పైగా ప్రయోగాలను కలిపి సమీక్షించినప్పుడు, వ్యాయామం చేసేవారిలో పడిపోవడాలు 23 శాతం తగ్గినట్టు తేలింది. ఈ అంకె వ్యాయామానిది, గేములది కాదు. గేములపై జరిగిన ప్రయోగాలు చాలావరకు తక్కువ మందితో, కొద్ది వారాల పాటు జరిగినవే. నిలకడ, నడక కొంత మెరుగుపడినట్టు వాటిలో చాలా చోట్ల కనిపించిందన్నంత వరకు నమ్మవచ్చు, అంతకుమించి ఎవరైనా ప్రచారం చేస్తే నమ్మనక్కరలేదు.

మన డెల్టాలో ఈ విషయానికి ప్రత్యేకమైన కారణాలున్నాయి. ఒకప్పుడు ఆడవాళ్లు కాలువ రేవు నుంచి బిందెలతో నీళ్లు మోసేవారు, రోట్లో పిండి రుబ్బేవారు, నాట్లకు, కలుపుకు, కోతలకు వెళ్లేవారు. ఇప్పుడు కుళాయి ఇంట్లోకి వచ్చింది, మిక్సీ వచ్చింది, వరి కోత యంత్రం చేలోకి దిగింది. ఇవి రావద్దని నేను అనను. ఆ చాకిరీని పొగిడేవాళ్లలో దానిని చేసినవాళ్లు తక్కువ. కాని ఆ కదలిక పోయిన చోట మరే కదలికా రాలేదన్నది నిజం. నరసాపురం ప్రాంతంలో లేసు అల్లే స్త్రీలు గంటల తరబడి ఒకే భంగిమలో తల వంచుకుని కూర్చుంటారు. ఆ అల్లికకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది గాని, వారి మెడలను, నడుములను గుర్తించినవారు లేరు. భీమవరం వైపు రొయ్యల షెడ్లలో పనిచేసేవారు తడి గచ్చు మీద రోజంతా నిలబడతారు. కాయకష్టం చేసే ఒంటికి వేరే వ్యాయామం ఎందుకని అడిగేవారు ఉన్నారు. ఒకే కండతో ఒకే పని పదేపదే చేయడం వేరు. పక్కకు అడుగు వేయడం, ఒంటికాలి మీద క్షణం ఆగడం, చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి లేవడం వేరు. పడకుండా కాపాడేవి ఈ రెండో రకం కదలికలే.

నడవమంటే ఎక్కడ నడవాలన్నది మరో సమస్య. కాలువ గట్ల మీద వేసిన రోడ్లకు పక్కన కాలిబాట లేదు. ఒకవైపు నీరు, ఒకవైపు ఇసుక లారీ. వేసవిలో సముద్రపు గాలి తేమతో ఉక్కపోత ఉదయం ఎనిమిదింటికే మొదలవుతుంది. వానాకాలంలో సందుల్లో బురద, పాకుడు. వీధి కుక్కల సంగతి మీ పత్రికే రోజూ రాస్తోంది. 2025 జూన్ 21న విశాఖ తీరంలో జరిగిన యోగా దినోత్సవానికి ముందు యోగాంధ్ర పేరుతో ఊరూరా యోగా చేయించారు, మంచిదే. అయితే మోకాళ్లు అరిగిన మామ్మగారికి చాప మీద కూర్చోవడం ఒక పరీక్ష, లేవడం మరో పరీక్ష. నిలబడి గాని, కుర్చీ పట్టుకుని గాని చేసేది ఆమెకు కావాలి.

కోలాటం ఉండగా ఈ విదేశీ ఆటలెందుకని అడిగేవారికి కొంచెం వివరంగా జవాబు చెప్పాలి. కోలాటం ఆడగలిగినవారు కోలాటమే ఆడాలి, అందులో నాకు రెండో మాట లేదు. అడుగు, మలుపు, వంగడం, లేవడం, పక్కవారి కోలకు సమయానికి అందించడం, పాట గుర్తుంచుకోవడం అన్నీ అందులో ఉన్నాయి. మన రెండు గోదావరి జిల్లాల గుళ్ల ఉత్సవాలలో స్త్రీల కోలాట బృందాలు లేని ఊరేగింపు అరుదైపోయింది. కాని ఆ బృందాలలో ఎవరు లేరో కూడా చూడాలి. మోకాలి నొప్పితో వేగం అందుకోలేనివారు ఉండరు. బరువెక్కిన ఒంటిని నలుగురూ చూస్తారని సిగ్గుపడేవారు ఉండరు. రంగు చీర, పూలు, గజ్జెలతో ముందుకు రావడానికి, భర్త పోయిన స్త్రీ ఇప్పటికీ చాలా ఊళ్లలో జంకుతుంది. ఆమె జంకకపోయినా పక్కవాళ్ల చూపు ఊరుకోదు. వద్దని ఎవరూ నోరు తెరిచి అనరు, రమ్మని పిలవరు, అంతే. పిల్లలు హైదరాబాదులోనో, అమెరికాలోనో, గల్ఫులోనో ఉండగా ఒంటరిగా ఇంట్లో మిగిలినవారిలో ఎక్కువమంది వీరే. నాలుగు గోడల మధ్య, తెలిసిన నలుగురి సమక్షంలో, ముహూర్తం, ముత్తైదువ అన్న ప్రసక్తి లేకుండా ఆడుకునే ఆట వారికి దొరికితే, దానిని జపాన్ వాళ్లు తయారు చేశారన్నది పెద్ద అభ్యంతరం కాదు.

మా పేటలో కొందరం ఆడవాళ్లం కలిసి, విదేశంలో ఉన్న ఒకరి కుమారుడు ఇంట్లో వదిలి వెళ్లిన, బోర్డు ఉన్న ఇలాంటి పరికరాన్ని మధ్యాహ్నాలు వాడుతున్నాం. నేను గమనించినది ఏమిటంటే, తెర మీది చుక్క చేసే మేలు నా నోటితో జరగదు. "భారం రెండు కాళ్ల మీదా సమానంగా వేయండి" అని బడిలో ఏళ్ల తరబడి అరిచాను. ఎవరికి వారు సమానంగానే నిలబడ్డామనుకుంటారు. చుక్క కుడికి ఒరిగి కనబడగానే, ఎడమ మోకాలి నొప్పికి భయపడి తాను ఎన్నేళ్లుగా కుడి కాలి మీదే నిలబడుతోందో ఆమెకే తెలుస్తుంది, తనంతట తానే సర్దుకుంటుంది. కళ్లు తెరను గమనిస్తూ, మనసు తరువాతి మలుపును ఊహిస్తూ, కాళ్లు అడుగు వేయడం అన్నది ఇంకొక లాభం. పెద్దవాళ్లు ఎక్కువగా తూలేది నడుస్తూ మరో పని మీద ధ్యాస పెట్టినప్పుడే కనుక, ఆ రెండూ కలిపి చేసే అభ్యాసం వట్టి డ్రిల్లులో దొరకదు. పందెం సంగతి చెప్పనే అక్కరలేదు. పక్కింటి పిన్నిగారి కంటే రెండు పాయింట్లు తక్కువ వచ్చాయన్న ఉక్రోషంతో మర్నాడు అందరికంటే ముందు వచ్చి కూర్చునేవారున్నారు.

లోపాలు కూడా చెబుతాను. వీ ఆటలలోని 68 కదలికలను 2010లో జపాన్ పరిశోధకులు శక్తి వినియోగం లెక్కన కొలిచినప్పుడు, 46 కదలికలు తేలికపాటి శ్రమ కిందికే వచ్చాయి, మిగతా 22 ఓ మోస్తరు శ్రమగా తేలాయి, తీవ్రమైన శ్రమ ఒక్కటీ లేదు. ఆ పరీక్షలో పాల్గొన్నది వృద్ధులు కారు కాబట్టి, వారికి తేలికైనది డెబ్భై ఏళ్ల ఆవిడకు ఓ మోస్తరు శ్రమే కావచ్చు. అయినా ఈ ఆటలు నడకకు బదులు కావు, బరువు తగ్గించవు; నిలకడకు, కాళ్ల బలానికి తోడు మాత్రమే. షుగరు మాత్రలు మానేసి ఇవి ఆడుకోవచ్చని ఎవరైనా అంటే అది ప్రమాదకరమైన మాట.

కెమెరాతో నడిచే ఆటలకు మన చీర ఒక చిక్కు. కాళ్లు విడివిడిగా కనబడితేనే కెమెరా మోకాలిని, చీలమండను గుర్తించగలదు. కుచ్చిళ్ల వెనక అవి కనబడవు, తెర మీది బొమ్మ వింతగా వణుకుతుంది. పంజాబీ డ్రెస్సు వేసుకుంటే సరిపోతుందని కుర్రవాళ్లు తేలిగ్గా అంటారు గాని, జీవితమంతా చీరే కట్టిన మనిషికి అది అంత తేలిక కాదు. మేము బోర్డు ఉన్న ఆటనే ఎంచుకోవడానికి ఇదే కారణం. ఆ బోర్డు నేల నుంచి సుమారు రెండు అంగుళాల ఎత్తు ఉంటుంది, వెనక్కి దిగేటప్పుడు ఆ ఎత్తే పడేయగలదు. చెప్పేదంతా ఇంగ్లీషులో ఉంటుంది. పైగా వీ ఫిట్ ఆట మొదట్లోనే బరువు చూసి, ఎత్తుతో లెక్కగట్టి, లావుగా ఉన్నారని ప్రకటిస్తుంది, మీ ఒంటి వయసు ఇంత అని ఒక అంకె చెబుతుంది. నలుగురి ముందు ఆ మాట విన్న స్త్రీ మళ్లీ రాదు. ఆ భాగాన్ని మేము వాడడం లేదు.

జాగ్రత్తల విషయంలో నేను కొంచెం కఠినంగా ఉంటాను. చక్రాలు లేని బరువైన కుర్చీ ఒకటి ఆడేవారి పక్కన, చేతికి అందేటంత దూరంలో ఉండాలి. పాలిష్ గ్రానైటు గచ్చు మీద మేజోళ్లతో నిలబడకూడదు, చీర అంచు చీలమండకు పైన ఉండాలి. షుగరు మందు వేసుకుని భోజనం మానేసిన రోజున ఆడకూడదు. ఆడుతూ మాట్లాడగలగాలి, మాట తెగిపోయేంత ఆయాసం వచ్చినా, గుండెలో బరువుగా అనిపించినా, కళ్లు తిరిగినా వెంటనే ఆపి కూర్చోవాలి. ఇంతకుముందు పడినవారు, గుండె జబ్బు ఉన్నవారు డాక్టరును అడిగిన తరువాతే మొదలుపెట్టాలి. ఒంటరిగా ఇంట్లో తలుపు వేసుకుని ఎవరూ ఆడకూడదు.

ఈ ఆఖరి మాట వల్లనే ఇంటికొకటి వద్దంటున్నాను. నెలకు 4,000 రూపాయల పింఛను మీద బతికేవారు వీటిని ఎలాగూ కొనలేరు. కొనగలిగినవారి ఇళ్లలోనూ పండక్కి వచ్చిన పిల్లలు బిగించి, చూపించి, సెలవు అయిపోయి వెళ్లిపోగానే పరికరం అటక ఎక్కుతుంది. తీగ ఏది ఎక్కడ పెట్టాలో తెలియక కాదు, ఒక్కరే ఆడడంలో సరదా లేక. అందుకని దీనిని పదిమంది చేరే చోట, చూసుకునే మనిషి ఉన్న చోట పెట్టాలి. నా దృష్టిలో అందుకు తగిన స్థలం శాఖా గ్రంథాలయం. ఇంటి పన్నుతో పాటు మనమంతా గ్రంథాలయ సుంకం కడుతున్నాం. చాలా గ్రంథాలయాలలో మధ్యాహ్నం పూట హాలు ఖాళీగా ఉంటుంది. పైగా అక్కడికి వెళ్లడానికి కులం, ముత్తైదువతనం అడ్డురావు. ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాలుగా మారిన గ్రామ ఆరోగ్య కేంద్రాలు రెండో స్థలం. యోగా వంటివి నడపడం వాటి బాధ్యతలలో ఇప్పటికే ఉంది, బీపీ చూసే మనిషి అక్కడే ఉంటారు. డ్వాక్రా సంఘాలు నెలనెలా సమావేశమయ్యే చోట పెట్టినా బాగానే ఉంటుంది. ఖర్చు ఒక టీవీ, ఒక పరికరం, ఒక ఇన్వర్టరు, నాలుగు కుర్చీలు. ఊరి ముఖద్వారానికి ఆర్చి కట్టించే ప్రవాసులకు ఇది పెద్ద మొత్తం కాదు. ఆర్చి మీద పేరు చెక్కిస్తారు, ఇక్కడా గోడ మీద చెక్కిద్దాం.

పరికరం కూడా విదేశాలదే కానక్కరలేదు. మామూలు లాప్‌టాప్ కెమెరాతో మనిషి ఒంటి మీద 33 గుర్తులను పట్టుకోగల మీడియాపైప్ అనే సాఫ్ట్‌వేరును గూగుల్ ఎవరైనా ఉచితంగా వాడుకునేలా విడుదల చేసింది. కాకినాడ నుంచి భీమవరం దాకా మన డెల్టా నిండా ఇంజనీరింగ్ కళాశాలలున్నాయి. ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు పేరుతో ఏటా ఎన్ని హాజరు యంత్రాలు, ఎన్ని పార్కింగు యంత్రాలు తయారవుతాయో అధ్యాపకులకే తెలుసు. వాటికి బదులు కూర్చుని ఆడే కోలాటం, తెలుగులో మాట్లాడే కోలాటం, చీర కట్టుకున్నా కాళ్లను పోల్చుకునే కోలాటం తయారు చేయమని విద్యార్థులకు చెప్పవచ్చు. చీర చిక్కును విప్పడం నిజంగా కష్టమైన సాంకేతిక సమస్యే కనుక వారికి మార్కులూ న్యాయంగా వస్తాయి. ఏ కదలిక ఏ మోకాలికి తగినదో చెప్పడానికి కాకినాడ రంగరాయ వైద్య కళాశాల వంటి చోట్ల ఉన్న వైద్యులను, ఫిజియోథెరపిస్టులను మొదటి నుంచీ కలుపుకోవాలి. ఆట తయారయ్యాక చూపించి సంతకం పెట్టించుకోవడం కాదు.

ఒకవేళ ఎక్కడైనా మొదలుపెడితే, ఫలితాన్ని తెర మీది పాయింట్లతో కొలవవద్దని మనవి. ఆడగా ఆడగా పాయింట్లు ఎవరికైనా పెరుగుతాయి, అది ఆట అలవాటు కావడం మాత్రమే. దీనికి రెండు పాత పరీక్షలు చాలు. చేతులు గుండెల మీద కట్టుకుని 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టడం ఒకటి. కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడడం రెండోది. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 12 సెకన్లు, అంతకు మించి పట్టినవారిని పడిపోయే ప్రమాదం ఉన్నవారిగా లెక్కిస్తుంది. ఒక గడియారం, నేల మీద సుద్దగీత ఉంటే ఆశా కార్యకర్త ఈ రెండూ చేయించగలదు. మొదటి రోజున ఒకసారి, మూడు నెలల తరువాత మరోసారి రాసిపెడితే, ఈ ఆట ఆ ఊరి స్త్రీలకు పనికివచ్చిందో లేదో తేలిపోతుంది. పనికిరాలేదని తేలితే టీవీని గ్రంథాలయానికే ఉంచి పరికరాన్ని వాపసు ఇచ్చేయవచ్చు.

కోనసీమ జిల్లా గ్రంథాలయ అధికారులు గాని, ఏదైనా పంచాయతీ గాని ఒక్క చోట ప్రయత్నించి చూడదలిస్తే, బిగించడం, నేర్పడం, ఆ కొలతలు రాయడం మేము ఉచితంగా చేసి పెడతాం. మా చిరునామా మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయురాలు,
అమలాపురం